ఎ పక్కన టి

ఆ రెండు భవనాలూ కవల పిల్లలు. ఒకే యజమాని, ఒకే ఏడాది, ఒకే ఇటుక, ఒకే ఎత్తు. మధ్యలో ఓ కారు పట్టేంత సందు. ఒకదాని కిటికీల్లోకి ఒకటి తొంగి చూసుకుంటూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. బోర్డులు చదివితే మాత్రం రెండూ రెండు వేరే దేశాల్లో ఉన్నాయేమో అనుకోవాలి.

మొదటి భవనంలో ఉన్నవి ఫ్లాట్లు. రెండో భవనంలో ఉన్నవి అపార్ట్‌మెంట్లు. ఇక్కడ మనుషుల్ని పైకి మోసేది లిఫ్ట్, అక్కడ ఎలివేటర్. ఇక్కడ నేల మీద ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్, మెట్లెక్కితే ఫస్ట్ ఫ్లోర్. అక్కడ గుమ్మంలో కాలు పెట్టగానే ఫస్ట్ ఫ్లోర్ వచ్చేస్తుంది. అందుకని మెట్ల లెక్క సరిసమానంగా ఉన్నా ఇటువైపు పై అంతస్తు మూడోది, అటువైపు నాలుగోది. 'మాది మీకంటే ఓ అంతస్తు ఎక్కువ' అని అటువైపు పిల్లలు ఇరవై ఏళ్లుగా వెక్కిరిస్తూనే ఉన్నారు. ఒక గది, ఆ గదిలోనే మంచం, ఆ గదిలోనే పొయ్యి ఉంటే ఇక్కడ దాని పేరు బెడ్‌సిట్, అక్కడ స్టూడియో. బెడ్‌సిట్‌లో ఉండేవాడు చిరునామా నసుగుతూ చెబుతాడు, స్టూడియోలో ఉండేవాడు కాలరెగరేసి చెబుతాడు. గోడకు పట్టిన చెమ్మ మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఇక్కడ బాగోగులు చూసేది కేర్‌టేకర్, అక్కడ సూపరింటెండెంట్. నిజానికి రెండు ఉద్యోగాలూ ఒక్క ముసలాయనే చేస్తాడు. సందు దాటగానే ఆయన హోదా పెరుగుతుంది, జీతం పెరగదు.

ఈ గందరగోళమంతా ఇద్దరు అన్నదమ్ముల పుణ్యం. ఇద్దరూ బోర్డులు రాసేవాళ్లే. అన్నను పెద్ద పెయింటర్ అనీ, తమ్ముణ్ణి చిన్న పెయింటర్ అనీ పిలిచేవారు. ఇద్దరి మధ్యా ఇరవై ఒక్క ఏళ్లుగా మాటల్లేవు.

పెద్ద పెయింటర్‌కు ఒక్కతే కూతురు. పుట్టిన దగ్గర్నుంచీ రంగు డబ్బాల మధ్యే తిరగడం వల్ల ఆమెకు కుంచెమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు ముప్ఫై వచ్చినా, దుకాణం మొత్తం తనే నడుపుతున్నా, ఆ పేరు వదల్లేదు.

రెండు నెలల క్రితం ఆ భవనాలు రెండూ ఓ కొత్త కంపెనీ చేతికి వచ్చాయి. దాని మేనేజరు దుకాణానికి వచ్చి విషయం కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"ఉత్తరాలు ఇచ్చేవాడు నన్ను తిడుతున్నాడు, సామాన్లు మోసేవాడు నన్ను తిడుతున్నాడు. రెండిట్లోనూ ఒకే మాట ఉండాలి. ఏ మాటైనా నాకు ఫర్వాలేదు. భవనానికి ఎనిమిది చొప్పున మొత్తం పదహారు బోర్డులు. పాతవన్నీ తీసెయ్యండి. మీ ఇంటి గొడవని నా గోడల మీద ఎందుకు పెట్టారండీ?"

పెద్ద పెయింటర్ నవ్వి, పని తనే చేస్తానన్నాడు. పదహారు చెక్క పలకలు కోయించి, తెల్ల ప్రైమరు పూసి, ఆరబెట్టి, వెనకగదిలో తలుపు వేసుకుని రోజుకు రెండు చొప్పున పెన్సిల్‌తో అక్షరాలు గీస్తూ వచ్చాడు. గీసిన ప్రతి పలకనూ మొహం గోడవైపు తిప్పి పెట్టేవాడు. రంగు వెయ్యడం కూతురి వంతు.

"ఇవ్వరాదూ నాన్నా, ఒకటీ ఒకటీ రంగు వేస్తుంటాను" అంటే, "అన్నీ అయ్యాక ఒక్కసారే చూద్దువుగానీ. ముందు పాతవి దింపి, మేకుల కొలతలు తీసుకురా" అనేవాడు. చూడ్డానికి ఏముంది, ఆయన లిఫ్ట్ తప్ప ఇంకేం రాస్తాడు అనుకుంది కుంచెమ్మ. లిఫ్ట్ అన్న మాట కోసం తోడబుట్టినవాణ్ణి వదులుకున్న మనిషి.

చివరి పలక గీస్తూ పెద్ద పెయింటర్ పడిపోయాడు. కుడి పక్క అంతా చచ్చుబడింది. మాట పోయింది. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, కుంచెమ్మనూ వాళ్లమ్మనూ చూసి, "ఆస్పత్రిలో ఉంచి ప్రయోజనం లేదు. ఇంటికి తీసుకెళ్లండి. వారం, పది రోజులు" అన్నాడు.

దుకాణం వెనకే ఇల్లు. మంచం కిటికీ పక్కకు జరిపారు. అప్పట్నుంచీ పెద్ద పెయింటర్ ఎడమ చేత్తో ఒకటే సైగ. బొటనవేలూ చూపుడువేలూ దూరంగా పెట్టి, నెమ్మదిగా దగ్గరికి తెచ్చి, ఒకదానికొకటి ఆనించేవాడు. మళ్లీ విడదీసి, మళ్లీ ఆనించేవాడు. నీళ్లేమో అనుకుని గ్లాసు పెడితే మొహం తిప్పేసుకున్నాడు. దుప్పటేమో అనుకుని పైకి లాగితే తోసేశాడు. "ఏం కావాలయ్యా నీకు, నేను అర్థం చేసుకోలేక చస్తున్నాను" అని కుంచెమ్మ తల్లి మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది.

ఆ సైగ కుంచెమ్మకు తెలుసు. దుకాణంలో పుట్టిన సైగ అది. అక్షరాలు ఎడంగా వచ్చినప్పుడు తండ్రి గది ఆ చివర నుంచి అలా వేళ్లు చూపించేవాడు. దగ్గరికి జరుపు అని అర్థం.

"బోర్డుల గురించేలే అమ్మా. పని మధ్యలో ఆగిపోయిందని బెంగ" అంది. ఆయన బెంగ తీర్చాలంటే పని పూర్తి చెయ్యాలి. మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని భవనాలకు బయల్దేరింది.

అసలు గొడవ ఎలా మొదలైందంటే, పెద్ద పెయింటర్ పని నేర్చుకున్నది బ్రిటిష్ కంపెనీలకు బోర్డులు రాసిన ఓ ముసలి మేస్త్రి దగ్గర. ఆ మేస్త్రి చెప్పిన మాట ఆయనకు వేదం. చిన్న పెయింటర్ మూడేళ్లు అమెరికన్ ఇంజనీర్ల దగ్గర పనిచేసి, వాళ్ల మాటలన్నీ మూటగట్టుకుని వచ్చాడు. భోజనాల దగ్గర కూడా ఇదే రభస. "లిఫ్ట్ నాలుగక్షరాలు, నీ ఎలివేటర్ ఎనిమిది. రంగు మీ మావ ఇస్తాడా?" అని అన్న. "గ్రౌండ్ ఫ్లోర్ ఏంటన్నయ్యా, నేలని కూడా ఓ అంతస్తుగా లెక్కపెట్టలేవా?" అని తమ్ముడు. భవనాల యజమాని సరదా మనిషి. "చెరో భవనం తీసుకోండి, చెరో ఇంగ్లీషు రాయండి. ఎవరిది బాగుందో చూద్దాం" అన్నాడు.

అంతవరకూ నవ్వులాటే. కానీ చిన్న పెయింటర్‌కు ఓ లోపం ఉంది. అక్షరం ఎంత అందంగా గీసినా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం చూసుకోవడం చేతనయ్యేది కాదు. ప్రతిదీ స్కేలు పెట్టి కొలిచేవాడు. పెద్ద పెయింటర్ తల బాదుకునేవాడు. "ఎ పక్కన టి వస్తే స్కేలు పనికిరాదురా. ఎ కింద విప్పారి పైన సన్నబడుతుంది, టి పైన చేతులు చాచి కింద సన్నబడుతుంది. కొలిచి పెడితే మధ్యలో పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది. కంటితో చూసి దగ్గరికి జరపాలి. ఫ్లాట్ రాసినా ఎ పక్కన టి ఉంది, నీ ఎలివేటర్ రాసినా ఎ పక్కన టి ఉంది. ముందు ఆ రెంటినీ కలపడం నేర్చుకో."

ఓ రోజు పనివాళ్ల ముందు పెద్ద పెయింటర్ నోరు జారాడు. "రెండక్షరాలు దగ్గర పెట్టడం రానివాడివి, నాకు మాటలు నేర్పుతావా? నీ బోర్డు చూసి జనం నవ్వేది నిన్ను కాదు, నన్ను."

చిన్న పెయింటర్ తన కుంచెలు డబ్బాలో వేసుకుని ఆ నిమిషానే వెళ్లిపోయాడు. అప్పుడు కుంచెమ్మకు తొమ్మిదేళ్లు. వీధి చివరిదాకా బాబాయి వెంట పరుగెత్తింది. తెల్ల ప్రైమరు పూసిన అతని ఎనిమిది పలకలూ దుకాణంలోనే ఉండిపోయాయి. మూడో రోజు బండివాణ్ణి పంపి తెప్పించుకున్నాడు. నెల తిరిగేసరికి రెండో భవనంలో బోర్డులు వెలిశాయి. జనం ముక్కున వేలేసుకున్నారు. ఒక్క అక్షరం ఎడం కాలేదు, ఒక్కటి ఇరుకు కాలేదు. "తమ్ముడు అన్నను మించాడు" అని ఊరంతా అన్నారు. పెద్ద పెయింటర్ ఆ మాట విని తలాడించి, తన పని తను చూసుకున్నాడు.

ఇప్పుడు ఆ బోర్డులే కుంచెమ్మ దింపుతోంది. మొదటి భవనం పని తొందరగానే అయింది. రెండో భవనంలో కేర్‌టేకర్ ముసలాయన నిచ్చెన పట్టుకున్నాడు.

"రేపట్నుంచి నేనేంటో చెప్పమ్మా కుంచెమ్మా. కేర్‌టేకరా, సూపరింటెండెంటా? మా ఆవిడకి చెప్పుకోవాలి."

"మా నాన్న రాసింది కాబట్టి కేర్‌టేకరే అయ్యుంటావు తాతా."

"పోయింది, పరువంతా పోయింది" అని ముసలాయన నిచ్చెన మీద తల ఆనించాడు.

ఎలివేటర్ బోర్డు అన్నిటికంటే కిందికి ఉంది. ఇరవై ఏళ్లుగా బీరువాలూ మంచాలూ తగిలి నల్లరంగు పెచ్చులూడింది. విప్పి, వెలుగులోకి తెచ్చి తుడుస్తుంటే కుంచెమ్మ చెయ్యి ఆగిపోయింది. రంగు ఊడిన చోట, తెల్ల ప్రైమరు మీద పెన్సిల్ గీతలు కనిపిస్తున్నాయి. ఎ కూ టి కీ మధ్య, ఒకదానికొకటి ఎదురుగా, చీమ మీసాల్లాంటి రెండు చిన్న గీతలు. ఇక్కడ దగ్గరికి జరపాలి అని గుర్తు. ఆ గుర్తు పెట్టేది ఈ లోకంలో ఒక్కరే. ఆమె పని నేర్చుకుంటున్నప్పుడు వందల పలకల మీద చూసింది. మిగతా బోర్డులు కూడా తీసుకుని, ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ గోటితో గీకి చూసింది. అన్నిటి కిందా నాన్న గీతలే.

బండివాడు వచ్చేలోగా దొరికిన ఆ రెండు రోజుల్లో నాన్న కూర్చుని, తను ఒప్పుకోని మాటలన్నీ, అపార్ట్‌మెంట్, ఎలివేటర్, ఫస్ట్ ఫ్లోర్, ఒక్కొక్కటీ తమ్ముడి కోసం గీసిపెట్టాడు. గీసి ఎవరికీ చెప్పలేదు. ఊరంతా తమ్ముణ్ణి మెచ్చుకుంటుంటే విని తలాడించాడు.

మంచం మీద ఆ రెండు వేళ్లు ఎవరిని దగ్గరికి జరపమంటున్నాయో కుంచెమ్మకు అప్పుడు తెలిసింది. కళ్ల నీళ్లు ఆగలేదు. "ఏమైందమ్మా, దుమ్ము పడిందా?" అని కేర్‌టేకర్ అడుగుతుండగానే, ఎలివేటర్ బోర్డును పాత గుడ్డలో చుట్టుకుని బాబాయి ఉండే వీధి వైపు వెళ్లే బస్సు ఎక్కేసింది.

బస్సులో కూర్చున్నాక ఏడుపు పోయి కోపం వచ్చింది. ఆ గీతల మీద రంగు వేసింది బాబాయే కదా. మరి చూడకుండా ఎలా వేశాడు? తెలిసి తెలిసి ఇరవై ఒక్క ఏళ్లు గడప తొక్కలేదన్నమాట!

చిన్న పెయింటర్ ఊరి ఆ చివర, బళ్లు బాగుచేసే వీధిలో ఓ రేకుల గదిలో ఉన్నాడు. అక్షరాలు మానేసి చాలా ఏళ్లయింది. బళ్ల నెంబర్లు, తలుపుల నెంబర్లు, అవీ అంకెలు కోసిన అచ్చు పలకలు అడ్డం పెట్టి రాస్తాడు. గడ్డం మాసిపోయి, చొక్కా నిండా రంగు మరకలతో, ఓ పీట మీద కూర్చుని ఏడు అంకె దిద్దుతున్నాడు. ఆమెను చూసి గుర్తుపట్టడానికి అరనిమిషం పట్టింది.

"నువ్వా తల్లీ!" అని లేవబోయాడు.

కుంచెమ్మ గుడ్డ విప్పి బోర్డు అతని ముందు పెట్టింది. "ఇవెవరి గీతలు బాబాయ్?"

అతను బోర్డు వంక చూడనైనా చూడలేదు. "మీ నాన్నవి."

"తెలుసన్నమాట. తెలిసి కూడా రాలేదా?"

"తెలిసే రాలేదమ్మా. తెలియకపోతే ఎప్పుడో వచ్చేసేవాణ్ణి." కుంచె కిరసనాయిల్లో వేసి, చేతులు తుడుచుకున్నాడు. "బండి దింపి, గుడ్డ తీసి చూస్తే అన్నీ గీసి ఉన్నాయి. చెరిపేద్దామనుకున్నాను. రబ్బరు కూడా తీశాను. చెరిపితే మళ్లీ నేనే గీయాలి కదా, నాకది చేతకాదు. ఆయన గీతల మీదే రంగేశాను. ఊరంతా శభాష్ అన్నారు. నాది కాదు, మా అన్నది అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఆ రోజు అనలేదు కాబట్టి మర్నాడు అనలేకపోయాను. తర్వాత ఏ మొహం పెట్టుకుని వస్తాను చెప్పు? ఎన్నిసార్లు మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోయానో లెక్కలేదు. అక్షరం పట్టుకుంటే ఆయనే గుర్తొస్తున్నాడని అక్షరాలే మానేశాను."

ఆమె కోపం ఎక్కడికి పోయిందో పోయింది. పక్కన నేల మీద చతికిలబడింది. "నాన్నకి బాగాలేదు బాబాయ్. మాట లేదు. ఇంక రోజులే. చేత్తో ఇలా అంటున్నాడు" అని వేళ్లు చూపించింది.

చిన్న పెయింటర్ ఆ వేళ్ల వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పుడే లే, వెళ్దాం" అంది.

"సాయంత్రం వస్తాను తల్లీ. ఈ అవతారంలో వస్తే ఎలా? మాసిన చొక్కా అంటే ఆయనకి ఒళ్లు మంట. గడ్డం గీసుకుని, కాస్త మనిషిలా తయారై ఐదింటికల్లా అక్కడుంటాను."

కుంచెమ్మ సరేనంది. చెయ్యి పట్టుకుని లాక్కుపోవలసింది, సరేనంది. ఆ ఒక్క మాటకు ఆమె తర్వాత తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో చెప్పనలవి కాదు.

ఇంటికి రాగానే తండ్రి చెవి దగ్గర వంగి, "నాన్నా, బాబాయి వస్తున్నాడు. సాయంత్రం ఐదింటికి" అంది. పెద్ద పెయింటర్ ఎడమ చెయ్యి గాల్లోనే ఆగింది. నెమ్మదిగా దుప్పటి మీదికి దిగింది. పడిపోయాక ఇన్నాళ్లకు ఆ చెయ్యి ఊరికే ఉండడం అదే మొదటిసారి. మొహం గుమ్మం వైపు తిప్పుకున్నాడు. మూడున్నర దాకా అలా చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి కానీ చూపు లేదు.

చిన్న పెయింటర్ సరిగ్గా ఐదింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, తొందరలో తెగిన చోట చిన్న నెత్తుటి చుక్క. గుమ్మం బయట అన్నేసి చెప్పులు చూసి ఆగిపోయాడు. కుంచెమ్మ తల్లి లేచి ఎదురెళ్లి, "రావయ్యా. నీకోసమే చూశాడు. చూసి చూసి వెళ్లిపోయాడు" అంది. అతను మంచం దాకా నడవలేకపోయాడు. గుమ్మంలోనే కూలబడి, అన్నయ్యా అని ఒక్క కేక పెట్టాడు.

అన్నీ ముగిశాక, పదమూడో రోజు మేనేజరు మనిషిని పంపాడు. విచారం తెలియజేశాడు, బోర్డులు ఎప్పుడని కూడా అడిగాడు. కుంచెమ్మ వెనకగది తలుపు తీసింది. చిన్న పెయింటర్ వెంట వచ్చాడు. గోడవైపు తిప్పి ఉన్న పలకల్ని ఇద్దరూ ఒక్కొక్కటే ఇటు తిప్పారు.

మొదటిది అపార్ట్‌మెంట్స్. రెండోదీ అదే. ఆ తర్వాత సూపరింటెండెంట్, మెయిల్ బాక్సెస్, ఫస్ట్ ఫ్లోర్. పది తిప్పారు, పన్నెండు తిప్పారు. ఫ్లాట్ అన్న మాట ఎక్కడా లేదు. గ్రౌండ్ ఫ్లోర్ లేదు. లిఫ్ట్ లేదు. రెండు భవనాలకూ పెద్ద పెయింటర్ తమ్ముడి మాటలే రాశాడు.

చిన్న పెయింటర్ గోడకు ఆనుకుని, "ఇదేంటే, ఇదేంటే ఈయన" అని అదే మాట అంటున్నాడు.

పదహారో పలక మీద పని సగంలో ఆగి ఉంది. ఇ, ఎల్, ఇ, వి, ఎ. ఎ పక్కన చీమ మీసాల గుర్తు పెట్టి ఉంది. అక్కడే పెన్సిల్ చేతిలోంచి జారిన గీత ఒకటి పలక అంచుదాకా పోయింది. టి లేదు.

"నువ్వు గీయి బాబాయ్" అని కుంచెమ్మ పెన్సిల్ అందించింది.

"నా వల్ల కాదు తల్లీ."

"నువ్వే గీయాలి."

అలవాటు చొప్పున అతని చెయ్యి స్కేలు మీదికి పోయింది. దాన్ని పక్కన పెట్టేసి, కళ్లు తుడుచుకుని, ఉత్త కంటితో చూసి టి గీశాడు. ఓ గీశాడు. ఆర్ గీశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎ కూ టి కీ మధ్య వేలెడు ఎడం వచ్చింది.

"ఎడమైంది కదూ?"

కుంచెమ్మకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అయింది."

అతను రబ్బరు తీసుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ బాబాయ్."

"మీ నాన్న చూస్తే తిడతాడే."

"తిట్టనీ."

చిన్న పెయింటర్ పీట మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కుంచెమ్మ నల్లరంగు డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ఇ దగ్గర మొదలుపెట్టింది. ఎ దాకా నాన్న గీతల మీద వేసింది. అక్కడ కుంచె ఎత్తి, ఆ వేలెడు ఎడం అలాగే వదిలి, టి మీద దించింది.